‘ఇష్టపడే చేరాడు కదా’ అంటే ఇక చెల్లదు

అమెరికా కళాశాలల్లో కొత్తగా చేరిన విద్యార్థులను పరీక్షల పేరుతో వేధించడాన్ని అక్కడ ‘హేజింగ్’ అంటారు. మన ర్యాగింగ్‌కు దగ్గరి చుట్టం. దీనిని అరికట్టడానికి దేశమంతటి కళాశాలలకూ వర్తించే తొలి కేంద్ర చట్టం ‘స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్’పై 2024 డిసెంబరు 23న నాటి అధ్యక్షుడు జో బైడెన్ సంతకం చేశారు. ఆ చట్టం కింద ప్రతి కళాశాలా తన ఆవరణలో ఏ సంఘం ఏ తప్పు చేసిందో పేరుపెట్టి ప్రజల ముందుంచాలి. తొలి నివేదికకు 2025 డిసెంబరు 23 గడువు. 2025లో జరిగిన ఘటనల సంఖ్య 2026 అక్టోబరు నాటి వార్షిక భద్రతా నివేదికల్లో రావాలి.

అక్కడి చట్టంతో మనకేం పని అనుకోవచ్చు. పని ఉంది. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడు చైనాను దాటి మన దేశమే మొదటి స్థానంలో నిలిచింది. వారిలో తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలు వేరే. బెంగళూరులో, చెన్నైలో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో మన బడుల నుంచి బయటికి వెళ్లే పిల్లలకు అమెరికా వెళ్లినా, పక్క జిల్లా హాస్టల్‌కు వెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: కొత్త చోట మనవాళ్లనిపించుకోవడానికి ఎంత దూరం వెళ్లాలి? ఎక్కడ ఆగాలి?

ఏమిటీ సంఘాలు?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో అబ్బాయిల సంఘాన్ని ఫ్రాటర్నిటీ అంటారు. అంటే సోదర సంఘం. అమ్మాయిలది సొరోరిటీ, సోదరీ సంఘం. పేర్లు గ్రీకు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి ఈ వ్యవస్థ మొత్తాన్నీ ‘గ్రీక్ లైఫ్’ అని పిలుస్తారు. 1776లో విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టిన ఫై బీటా కప్పా దీనికి మూలం. అది తర్వాత చదువులో మేటి విద్యార్థులను గౌరవించే సంస్థగా మారింది. దాని అడుగుజాడల్లో 19వ శతాబ్దంలో స్నేహసంఘాలు పెరిగాయి. చాలా సంఘాలకు సొంత ఇళ్లుంటాయి. సభ్యులు అక్కడే కలిసి ఉంటారు, నాయకులను ఎన్నుకుంటారు, సేవా కార్యక్రమాలకు చందాలు పోగుచేస్తారు. చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కునేటప్పుడు పాత సభ్యులు చేయూతనిస్తారు.

ఈ సంఘాలన్నీ ధనిక తెల్లవారి పిల్లలవే కావు. జాతి వివక్ష నడుమ ఒకరికొకరు తోడుగా నిలవడానికి నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా ఫై ఆల్ఫాను స్థాపించుకున్నారు. దక్షిణాసియా మూలాలున్న విద్యార్థులు 1998లో టెక్సస్‌లో రెండు సంఘాలు పెట్టుకున్నారు. ఆస్టిన్‌లో అబ్బాయిలకు డెల్టా ఎప్సిలాన్ సై, హ్యూస్టన్‌లో అమ్మాయిలకు డెల్టా ఫై ఒమేగా. పరాయి చోట మనవాళ్లంటూ ఒక గూడు కావాలన్న కోరిక ఎంత సహజమో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఊరూరా తెలుగు సంఘాలు పెట్టుకుని బడులు నడుపుకుంటున్నవాళ్లం మనం. ఆ కోరికలో తప్పు లేదు. దానిని ఆసరాగా చేసుకుని బెదిరించడంలోనే తప్పుంది.

సంఘంలో చేరదలచిన విద్యార్థికి ముందు ఆహ్వానం అందుతుంది. ఆ తర్వాత కొన్ని వారాలు అతను సగం సభ్యుడు. అతన్ని ‘ప్లెడ్జ్’ అంటారు. పూర్తి సభ్యత్వం ఇవ్వాలా వద్దా అన్నది పాత సభ్యుల చేతిలో ఉంటుంది. హేజింగ్‌కు అనువైన కాలం సరిగ్గా ఇదే. ఒకరి చేతిలో అధికారం, ఇంకొకరి మనసులో ఆశ. నడుమ అడిగేవారు లేరు.

ప్రాణాలు తీసిన రాత్రులు

ఇది నిన్నమొన్నటి జబ్బు కాదు. 1873లో కార్నెల్‌లో ఒక సంఘంలో చేరబోతున్న విద్యార్థి కళ్లకు గంతలతో తిరుగుతూ లోయలో పడి మరణించాడు. హేజింగ్ మరణాలను దశాబ్దాలుగా నమోదు చేస్తున్న పాత్రికేయుడు హ్యాంక్ నూవర్ లెక్క ప్రకారం 1959 నుంచి 2021 వరకు అమెరికాలో ఏటా కనీసం ఒక విద్యార్థి ఇలా చనిపోయాడు. మధ్యలో ఒక్క ఏడాది కూడా విరామం లేదు.

ఇటీవలి కాలంలో దేశాన్ని కదిలించింది పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ ఘటన. 2017 ఫిబ్రవరి 2 రాత్రి బీటా థీటా పై సంఘం ఇంట్లో కొత్త సభ్యుల వేడుక జరిగింది. కాగితం మీద అది మద్యం నిషిద్ధమైన ఇల్లు. తిమోతీ పియాజా అనే 19 ఏళ్ల విద్యార్థికి 82 నిమిషాల్లో కనీసం 18 సార్లు మద్యం అందించారని దర్యాప్తులో తేలింది. అతను నేలమాళిగ మెట్ల మీద నుంచి పడిపోయాడు. సోఫా మీద పడుకోబెట్టారు. వెల్లకిలా దొర్లకుండా వీపుకు సంచి తగిలించారు. అంబులెన్స్‌కు ఫోన్ చేసేసరికి దాదాపు 12 గంటలు గడిచాయి. రెండు రోజుల తర్వాత అతను చనిపోయాడు. ఇదంతా ఆ ఇంట్లోని కెమెరాల్లో రికార్డయింది.

అదే ఏడాది సెప్టెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో ఫై డెల్టా థీటా సంఘంవారు కొత్తవారిని సంఘం చరిత్ర మీద, గ్రీకు అక్షరాల మీద ప్రశ్నలడిగారు. తప్పు చెబితే మద్యం గుటక వేయాలి. మరుసటి రోజు చనిపోయిన మాక్స్ గ్రూవర్ అనే విద్యార్థి రక్తంలో మద్యం 0.495 శాతం ఉన్నట్టు తేలింది. బండి నడపడానికి అక్కడి చట్టం అనుమతించే హద్దు 0.08. 2021 మార్చిలో ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీలో స్టోన్ ఫోల్ట్జ్ అనే 20 ఏళ్ల విద్యార్థి పై కప్పా ఆల్ఫా సంఘం కార్యక్రమంలో అతిగా మద్యం తాగి ప్రాణాలు కోల్పోయాడు.

ఈ మూడు రాత్రులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఎవరూ ఎవరినీ కట్టేయలేదు. తలుపులకు తాళాలు వేయలేదు. ‘నేను రాను’ అని లేచి వెళ్లిపోయే వీలు పైకి చూస్తే అందరికీ ఉంది. అందుకే ప్రతిసారీ నిందితుల తరఫున ఒకటే వాదన వినిపించింది. ‘మేం బలవంతం చేయలేదు, ఇష్టపడే తాగాడు.’

ఒప్పుకోలు అంటే ఏమిటి?

కొత్త చట్టం తేల్చిన ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. సంఘంలో చేరడానికో, కొనసాగడానికో ఎదుటివారికి శారీరకంగా, మానసికంగా ప్రమాదం తెచ్చే పని చేయిస్తే అది హేజింగే. ఎదుటివారు ఒప్పుకున్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. తాగించడం, నిద్ర లేకుండా చేయడం, కొట్టడం, చలిలో నిలబెట్టడం, నేరం చేయమని పురమాయించడం, బెదిరించడం, అన్నీ ఈ నిర్వచనంలోకి వస్తాయి. ఆటలో సాధన వల్ల కలిగే మామూలు కష్టం మాత్రం దీని కిందికి రాదు.

ఒప్పుకోలును ఎందుకు పక్కన పెట్టారు? పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఊరు వదిలి వచ్చాడు. తెలిసినవాళ్లు లేరు. తన ఈడువాళ్లు పదిమంది వరసలో నిలబడి ఉన్నారు. తాను ఒక్కడే ‘వద్దు’ అంటే పిరికివాడన్న పేరు. నెల రోజులుగా కూడగట్టుకున్న స్నేహాలన్నీ ఆ ఒక్క మాటతో పోతాయన్న భయం. అటువంటప్పుడు ‘సరే’ అన్న మాటకు విలువెంత? పైగా ముందే రెండు గ్లాసులు తాగించాక మూడో గ్లాసుకు ‘సరే’ అనేది ఆ కుర్రాడా, అతని తలకెక్కిన మద్యమా? పెన్సిల్వేనియా ఈ సంగతిని ముందే గుర్తించి 2018 అక్టోబరులో పియాజా పేరిట రాష్ట్ర చట్టం తెచ్చింది. ప్రాణం పోయినా, తీవ్ర గాయమైనా ఏడేళ్ల వరకు జైలు. అదే ఏడాది లూసియానా గ్రూవర్ పేరిట చట్టం చేసింది. అక్కడ అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

శిక్షల వరకే చూస్తే మాత్రం నిరాశ తప్పదు. పియాజా మరణానికి సంబంధించి సంఘం మాజీ నాయకులిద్దరికి జైలుశిక్ష పడింది 2024 అక్టోబరులో. అంటే ఏడేళ్లు దాటాక. అది కూడా రెండు నుంచి నాలుగు నెలలు. కొత్త చట్టాలు వెనకటి ఘటనకు వర్తించవు. కోర్టు తీర్పు వచ్చేలోగా కళాశాలలో ఒక తరం వెళ్లి ఇంకో తరం వస్తుంది. అందుకే కేంద్ర చట్టం శిక్షల జోలికి పోలేదు. కొత్త నేరాన్ని సృష్టించలేదు. దాపరికం మీద దృష్టి పెట్టింది.

మౌనమే అసలు బలం

మెయిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలిజబెత్ అలన్, మేరీ మ్యాడెన్ 2008లో 53 విద్యాసంస్థల్లో 11,482 మంది విద్యార్థులపై చేసిన అధ్యయనాన్ని వెలువరించారు. సంఘాల్లో, క్రీడాజట్లలో ఉన్న విద్యార్థుల్లో 55 శాతం మందికి హేజింగ్ అనుభవం ఉంది. తమకు జరిగింది హేజింగేనని గుర్తించినవారిలో 95 శాతం మంది అధికారులకు చెప్పలేదు. నూటికి అయిదుగురే నోరు విప్పే చోట నియమాలు ఎంత గట్టివైనా ఏం లాభం?

చెప్పకపోవడానికి కారణాలు మన హాస్టళ్లలో ఉన్నవే. చెబితే చాడీకోరు అంటారు. పగబడతారు. తనతోపాటు స్నేహితులూ ఇరుక్కుంటారు. ‘మాకూ చేశారు, మేం బాగానే ఉన్నాం కదా’ అన్న సీనియర్ల మాట ఒకటి. నిన్న దెబ్బ తిన్నవాడే నేడు కొట్టేవాడు కావడం వల్ల ఈ గొలుసు తెగడం లేదు.

చట్టం ఈ మౌనాన్ని పై నుంచి కదిలించే ప్రయత్నం చేసింది. కేంద్ర ఆర్థిక సహాయ పథకాల్లో పాలుపంచుకునే ప్రతి విద్యాసంస్థా హేజింగ్ లెక్కలను వార్షిక భద్రతా నివేదికలో చేర్చాలి. అదికాక తప్పు చేసినట్టు తేలిన సంఘం పేరు, జరిగినదాని వివరణ, మద్యం లేదా మత్తుపదార్థాల ప్రమేయం, విధించిన చర్య, తేదీలు ఏడాదికి కనీసం రెండుసార్లు వెబ్‌సైట్‌లో పెట్టాలి. విద్యార్థుల పేర్లు మాత్రం బయటపెట్టరాదు. ఇకమీదట పిల్లవాడు ‘నాన్నా, ఫలానా సంఘంలో చేరతాను’ అంటే తండ్రి ఆ సంఘం చరిత్రను ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇంతకాలం ఆ సమాచారం కళాశాల బీరువాల్లోనే ఉండిపోయేది.

అండగా ఉండాలా, దూరం పెట్టాలా?

ఇప్పుడు విశ్వవిద్యాలయాల వైపు చూద్దాం. వాటి ముందు చాలాకాలంగా ఒక చిక్కు ఉంది. సంఘాలను దగ్గరికి తీసి సలహాదారులను, స్థలాన్ని, గుర్తింపును ఇస్తే, ఏదైనా జరిగినప్పుడు బాధ్యత మెడకు చుట్టుకుంటుంది. ‘అవి స్వతంత్ర సంస్థలు, మాకు సంబంధం లేదు’ అని చేతులు దులుపుకుంటే న్యాయస్థానంలో తప్పించుకోవచ్చన్న ఆలోచన చాలామంది పాలకులకు ఉండేది.

1991లో డెలావేర్ సుప్రీంకోర్టు ఆ ఆలోచనకు గండి కొట్టింది. ఒక సంఘం వేడుకలో పొయ్యిలు శుభ్రంచేసే క్షారద్రవం మీద పోయడంతో ఒళ్లు కాలిన విద్యార్థి కేసు అది. హేజింగ్ జరుగుతున్నదని విశ్వవిద్యాలయానికి తెలుసు, నియమాలూ పెట్టింది. కాబట్టి విద్యార్థులను కాపాడే బాధ్యత దానికి ఉంటుందని కోర్టు చెప్పింది. 2023లో బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయం ఫోల్ట్జ్ కుటుంబానికి 29 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

దూరం పెడితే ఇంకో ప్రమాదం ఉంది. గుర్తింపు రద్దయిన సంఘం మాయమైపోదు. కుర్రాళ్లు ఆవరణ బయట ఇల్లు అద్దెకు తీసుకుంటారు. పాత పేరుతోనో కొత్త పేరుతోనో అదే తంతు సాగిస్తారు. అక్కడికి సలహాదారు వెళ్లడు, తనిఖీ ఉండదు. కొత్త చట్టంలోని లోపమూ ఇక్కడే. గుర్తింపు లేని సంఘాల్లో జరిగిన ఘటనలు లెక్కల్లోకి వస్తాయి గానీ, పేరుపెట్టి వివరాలు చెప్పే నివేదికలో గుర్తింపు ఉన్న సంఘాలకే చోటు. దొంగచాటుగా నడిచేదే ఎక్కువ ప్రమాదకరమైనప్పుడు, దాని పేరే తల్లిదండ్రులకు కనిపించకపోతే ఎలా?

అందువల్ల అండ, నిఘా రెండూ కలిసి నడవాలన్నది మా అభిప్రాయం. పెన్సిల్వేనియా స్టేట్ 2017 తర్వాత పట్టిన దారి ఇదే. సంఘాల తప్పులపై విచారణను విద్యార్థి మండళ్ల నుంచి తన చేతుల్లోకి తీసుకుంది. ఏ సంఘం మార్కులెన్ని, సేవ ఎంత, శిక్షలేమిటి అన్న పట్టికను ప్రకటించడం మొదలుపెట్టింది. ఈ సంఘాల సంస్కరణపై అధ్యయనానికి పియాజా పేరిట ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. కొన్ని జాతీయ సంఘాలూ మారాయి. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014లో ప్లెడ్జ్ దశనే ఎత్తివేసి, ఆహ్వానం అందుకున్నవారికి నేరుగా సభ్యత్వమిచ్చే పద్ధతి తెచ్చింది. ‘సగం సభ్యుడు’ అనేవాడే లేకపోతే అతన్ని ఏడిపించే వీలూ తగ్గుతుందన్నది ఆలోచన.

అన్నిటికన్నా విలువైన అండ ఇంకొకటి ఉంది. సాయం కోసం ఫోన్ చేసినవారికి రక్షణ. పియాజా పడిపోయిన ఆ ఇంట్లో పదులమంది ఉన్నారు. ఫోన్ చేస్తే తామే దొరికిపోతామని భయపడ్డవారు వారిలో లేరని అనుకోలేం. అందుకే పెన్సిల్వేనియా చట్టం, ఆపదలో ఉన్నవారి కోసం నిజాయితీగా ఫోన్ చేసి, సాయం అందేవరకు పక్కనే ఉన్నవారిని శిక్ష నుంచి మినహాయించింది. నేరాన్ని క్షమించడం కోసం పెట్టిన నిబంధన కాదిది. ప్రాణం నిలబెట్టడానికి పెట్టింది.

మన దగ్గర

ఈ విషయంలో మన దేశం అమెరికా కంటే వెనకబడి లేదు. 1996లో అన్నామలై విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థి హత్య తర్వాత తమిళనాడు 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్, 1999లో మహారాష్ట్ర చట్టాలు చేశాయి. కర్ణాటకలో విద్యా చట్టంలోనే ర్యాగింగ్‌ను నేరంగా చేర్చారు. 2001లో సుప్రీంకోర్టు తీర్పు, 2007లో రాఘవన్ కమిటీ నివేదిక, 2009లో హిమాచల్‌ప్రదేశ్‌లో వైద్య విద్యార్థి అమన్ కచ్రూ మరణం, ఆ వెంటనే యూజీసీ నిబంధనలు. ఒడిశాలోనైనా యానాంలోనైనా ప్రతి ఉన్నత విద్యాసంస్థకూ ఆ నిబంధనలు వర్తిస్తాయి. ర్యాగింగ్ నిరోధక కమిటీ, తనిఖీ బృందం ఉండాలి. విద్యార్థి, తల్లిదండ్రులు ప్రమాణపత్రం ఇవ్వాలి. 1800–180–5522 నంబరుకు ఏ వేళనైనా ఫిర్యాదు చేయవచ్చు.

మనకు లేనిది అమెరికా ఇప్పుడు తెచ్చుకున్న ఆ బహిరంగ నివేదిక. మన కళాశాలలు పైఅధికారులకు నివేదికలు పంపుతాయి. ఫలానా కళాశాలలో గత రెండేళ్లలో ఏం జరిగింది, ఏం చర్య తీసుకున్నారు అన్నది అడ్మిషన్‌కు ముందు తల్లిదండ్రులు చూసుకునే ఏర్పాటు 2009 నిబంధనల్లో లేదు. పేర్లు లేకుండా, ఘటన, చర్య, తేదీ మాత్రమే ఏడాదికి రెండుసార్లు వెబ్‌సైట్‌లో పెట్టమని యూజీసీ ఆదేశిస్తే ఖర్చేమీ కాదు. అడగవలసింది మనం.

మన బడుల్లో చేయగలిగినదీ ఉంది. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు వీడ్కోలు పలికే ముందు ఒక పీరియడు దీనికి కేటాయించాలి. ‘ఇంట్రో’, ‘పరిచయం’, ‘సరదా’ అని పేరు మార్చినంత మాత్రాన పని మారదని చెప్పాలి. ‘వద్దన్నా’ అని చెప్పడం పిరికితనం కాదని చెప్పాలి. తెలుగు మాధ్యమంలో చదివి వేరే భాష నడిచే కళాశాలకు వెళ్లే పిల్లలకు ఇది మరీ అవసరం. యాసను, ఉచ్చారణను వెక్కిరించడంతోనే చాలాచోట్ల ఇది మొదలవుతుంది. ఫిర్యాదు ఏ భాషలో రాయాలో తెలియక మానేసే పిల్లలూ ఉంటారు. నాలుగు వాక్యాల ఫిర్యాదును ఇంగ్లిషులోనూ, ఆ రాష్ట్ర భాషలోనూ రాయడం నేర్పితే చాలు. తేదీ, చోటు, ఎవరు, ఏం చేశారు.

ఇంకొకటి ప్రాణానికి సంబంధించినది. అతిగా తాగినవాడు పిలిచినా పలకకపోతే, ఊపిరి మందగిస్తే, ఒళ్లు చల్లబడితే, నిద్రలో వాంతి చేసుకుంటే ‘పడుకుంటే దిగిపోతుందిలే’ అనుకోకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఒంటరిగా వదలకూడదు. మన దేశంలో 108కి గాని 112కి గాని, అమెరికాలో 911కి గాని వెంటనే ఫోన్ చేయాలి. తిట్లు పడతాయేమో, సస్పెండ్ చేస్తారేమో అన్నవి తర్వాతి సంగతులు.

ఫ్రాటర్నిటీ అంటే సోదర సంఘమని చెప్పుకున్నాం. మన హాస్టళ్లలోనూ సీనియర్‌ను ‘అన్నా’, ‘అక్కా’ అనే పిలుస్తారు. ఆ పిలుపు తమ్ముడి చేత వంగి దండం పెట్టించుకోవడానికి ఇచ్చిన హక్కు అనుకునేవారు ఉన్నారు. కొత్త ఊళ్లో దారి తప్పిన పిల్లవాడికి మెస్ ఎక్కడో, లైబ్రరీ ఎక్కడో చూపించే బాధ్యత అనుకునేవారూ ఉన్నారు. మన బడి నుంచి వెళ్లే పిల్లలు రెండేళ్లు తిరిగేసరికి తామే అన్నలు, అక్కలు అవుతారు. అప్పుడు వారు ఏ రకం అన్న కావాలో ఇప్పుడే, ఇంట్లో, తరగతిలో మాట్లాడుకోవాలి.